భుజాల చాటు గొంతు

మే నెలలో డార్క్ రూము పని మంచుగడ్డతో మొదలవుతుంది. ఊక పట్టిన గడ్డను గోనెలో చుట్టి, సుత్తితో చితకగొట్టి, ఆ ముక్కల్ని డెవలపరు తొట్టి చుట్టూ ఉన్న నీళ్ళ తొట్టిలో పోయాలి. పోయకపోతే బెజవాడ ఎండకు మందు వేడెక్కి ఫిల్ము మీద మసక కమ్ముతుంది. అప్పుడు డాక్టర్లు ఎండను ఏమీ అనరు. ఆమోసును అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. అందుకని ఆమోసు గుణదల నుంచి సైకిలు మీద వచ్చీ రాగానే, ఎవరూ చెప్పకుండానే గడ్డ కొట్టుకుంటాడు. కొట్టే ప్రతి దెబ్బకూ ఎవరో ఒకరిని లోపల తిట్టుకుంటాడు.

సోమవారం పదిన్నరకు గోడలో ఉన్న చెక్క అర గుండా ఫిల్ము పలక లోపలికి వచ్చింది. గోడకు అటువైపు ఎక్స్‌రే మిషను, ఇటువైపు చీకటి. అటువైపు రామకోటేశ్వరరావు. రెండేళ్ళ కిందట వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాడు, ఆస్పత్రిలో అందరికీ సార్. మీట నొక్కేది అతను. నొక్కినదాన్ని మందులో ముంచి బొమ్మ తెప్పించేది ఆమోసు. అయిదో తరగతితో బడి మానేసినవాడు మిషను మీద చెయ్యి వెయ్యకూడదు. తుడవటానికి మాత్రం వెయ్యొచ్చు.

ఎర్రలైటు కింద ఆమోసు పలక విప్పి, ఫిల్మును అంచులు పట్టుకుని తీసి, నాలుగు మూలలా క్లిప్పులు తగిలించి తొట్టిలో దించాడు. పలకతో వచ్చిన చీటీలో పేరు నవాబు అనీ, ముఠా కూలీ అనీ, శనివారం లారీ మీద బస్తాలకు బిగిస్తున్న మోకు జారి గొంతుకు కొట్టుకుందనీ ఉంది. మనిషి ఎలా ఉంటాడో ఆమోసుకు తెలియదు. ఎవరైనా అంతే. వాళ్ళ ఎముకలు తెలుస్తాయి, ముఖాలు తెలియవు.

బొమ్మ మెల్లగా తేలింది. పక్క నుంచి తీసిన మెడ. దవడ, దాని కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎముకలు, వాటి ముందు గాలి నిండిన ఊపిరిగొట్టం నల్లటి పట్టీలా దిగుతూ ఉంది. అయిదో ఎముక దాకా అంతా శుభ్రంగా ఉంది. అక్కడితో ఆగిపోయింది. కిందంతా తెల్లటి గోడ. ఆ మనిషి భుజాలు అంత ఎత్తుకు లేచి మెడను సగం మింగేశాయి.

ఫిల్మును బొమ్మ నిలిపే ఫిక్సరు మందులో ముంచి, కడిగి, నీళ్ళు కారుతుండగానే బయటికి తెచ్చి లైటు పెట్టె మీద పట్టాడు.

"సార్, ఇది పనికిరాదేమోనండీ."

"ఏమయింది? మసకొచ్చిందా?" అన్నాడు రామకోటేశ్వరరావు రిజిష్టరులోంచి తలెత్తకుండా.

"మసక కాదండీ. భుజాలు అడ్డమొచ్చినయ్. అయిదో ఎముక కింద ఏం కనపట్టంలా."

అతను వచ్చి చూశాడు. చూడలేదని అనటానికి లేదు. "గొంతు తియ్యమన్నారు, గొంతొచ్చింది. ఛాతీ కావాలంటే ఛాతీ రాసేవాళ్ళుగా."

"మెడ ఇంకా రెండెముకలుందండీ కిందికి."

"ఆమోసూ, స్టాకులో ఫిల్ములెన్నున్నయ్?"

"పది లోపేనండీ."

"మద్రాసు నించి వచ్చేదాకా అవే. కారిడార్లో జనం చూశావుగా. నువ్వెళ్ళి ఆరేసుకో."

ఆరేసుకో. చాకిరేవులో గుడ్డల్ని అన్నట్టు అన్నాడు. ఆమోసు ఫిల్మును తీసుకెళ్ళి ఫ్యాను కింద తీగకు తగిలించాడు. సాయంత్రానికి అది కవరులో పడి, చెవి, ముక్కు, గొంతు డాక్టరు శివపార్వతిగారి బల్ల మీదికి వెళ్ళిపోయింది. నాది కాని బాధ నాకెందుకు అనుకుంటూ ఆమోసు సైకిలు తాళం తీశాడు. కాలవ వంతెన దాటేదాకా ఆ తెల్లగోడే కళ్ళ ముందు నిలబడింది.

*

మంగళవారం మధ్యాహ్నం అతను వెనక మెట్ల మీద కూర్చుని కారియరు విప్పుకున్నాడు. పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఒక ఆడమనిషి వచ్చి రెండు మెట్లు కింద నిలబడింది. నల్ల బురఖా, ముసుగు నెత్తి మీదికి ఎత్తుకుని ఉంది. చేతిలో ఖాళీ మజ్జిగ సీసా.

"అన్నా, మా ఆయన ఫోటో నువ్వే కడిగావంటగా?"

"ఏ ఫోటో?"

"గొంతు ఫోటో. నవాబు. నా పేరు కుల్సుం, వించిపేట మాది."

"నేను కడిగేవాణ్ణమ్మా, చూసి చెప్పేవాణ్ణి కాదు. డాక్టరమ్మగారిని అడుగు."

"అడిగాను. గొంతులో అద్దం పెట్టి చూశారంట, బాగుందంట. ఫోటో చూశారంట, అదీ బాగుందంట. అన్నీ బాగుంటే మనిషెందుకన్నా బాగాలేదు?"

ఆమోసు ముద్ద దింపాడు. "ఏం బాగాలేదు?"

"పడుకోలేడు. వెల్లకిలా పడుకుంటే గొంతులో ఈల వేసినట్టు. మూడు రాత్రుళ్ళు కూచునే తెల్లార్చాడు. దెబ్బ తగిలిన భయం అన్నారు డాక్టరమ్మ. ఆ నర్సమ్మ నాటకం అంది, పని ఎగ్గొట్టటానికంట!" కుల్సుం గొంతు పైకి లేచింది. "పదిహేడేళ్ళన్నా, రెండు పండగలకి తప్ప పని మానలేదు ఈ మనిషి. జొరమొచ్చినా వెళ్ళాడు. నాటకం ఆడేవాడైతే నాకెప్పుడో ఒక చెంబు నీళ్ళు తోడి పెట్టేవాడు."

ఆమోసుకు నవ్వు రాబోయి ఆగింది.

"రేపు పన్నెండింటికి పంపించేస్తారంట. ఎల్లుండి బస్తాల కాడికి రావాలంట. రాకపోతే ఆయన చోటులో వేరే వాణ్ణి పెడతారు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? నా మాట ఇక్కడ ఎవరు వింటారు? నేను నీళ్ళల్లో ముంచి తీసేవాణ్ణి."

ఆమె ఒక మెట్టు దిగింది. "తిను అన్నా, అన్నం ముందు అడిగాను, ఏమనుకోకు" అని వెళ్ళిపోయింది. ఆ మాట అనకపోతే బాగుండేది. తిట్టి వెళ్ళినవాళ్ళను మరిచిపోవటం ఆమోసుకు అలవాటే. క్షమించమని వెళ్ళేవాళ్ళతోనే చిక్కు.

చెయ్యి కడుక్కుని, డార్క్ రూముకు పోకుండా మగవాళ్ళ వార్డుకు నడిచాడు. వెళ్ళే దారంతా తనను తాను తిట్టుకున్నాడు.

నవాబు కిటికీ పక్క మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద చేతులు, ముందుకు వంగిన నడుము. మెడకు అటూ ఇటూ బస్తాలు మోసి మోసి పేరుకున్న కండ, దాని మీద గోనె రాపిడికి నల్లబడి మందమైన తోలు. చెవులకూ భుజాలకూ మధ్య రెండు వేళ్ళ సందు కూడా లేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ భుజాలు ఇంకా పైకి వెళుతున్నాయి. గాలిని భుజాలతో తోడుకుంటున్నట్టు ఉంది.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు ఆమోసు.

నవాబు గొంతుముడి మీద వేలు పెట్టలేదు. కిందికి, రెండు కాలరు ఎముకలు కలిసేచోట ఉన్న గుంటలో పెట్టాడు. "ఇక్కడన్నా." మాట కాదు, గుసగుస. "సందులోంచి వచ్చినట్టు... సగం వస్తది గాలి."

"డాక్టరమ్మగారు ఎక్కడిదాకా చూశారు?"

వేలు పైకి జరిగి దవడ కింద ఆగింది. అద్దం అందేది అంతవరకే.

ఆమోసు చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, వంగి ఆ గుంట దగ్గర చెవి పెట్టాడు. సన్నగా, దూరంగా కూత వేస్తున్న రైలులా ఈల వినిపించింది. పైనుంచి కాదు. కింద నుంచి. సరిగ్గా ఫిల్ము మీద తెల్లగోడ లేచిన చోటు నుంచి.

"చూద్దాంలే" అన్నాడు. నోరు జారిన తరువాత, ఇదెక్కడి మాట ఇచ్చాను రా దేవుడా అనుకున్నాడు.

*

బుధవారం పొద్దున గడ్డ కొడుతూ ఆమోసు ఎవరినీ తిట్టలేదు. రామకోటేశ్వరరావుతో ఏమనాలో వరసగా పేర్చుకున్నాడు. అతను ఇది అంటే తను ఇది అనాలి. అతను ఫిల్ముల సంగతి ఎత్తితే, ఎవరెవరి తప్పు షాట్లకు ఎన్ని ఫిల్ములు పోయాయో నెలల వారీగా చెప్పాలి. రెండేళ్ళుగా మింగిన మాటలన్నీ ఇవాళ బయటికి వస్తాయి. పోతే ఉద్యోగం పోతుంది.

తొమ్మిదికి రామకోటేశ్వరరావు వచ్చాడు.

"సార్, ఆ నవాబు ఫిల్ము మళ్ళీ తియ్యాలండీ."

"డాక్టరుగారు రాశారా?"

"రాయలేదు."

"మరి? రిపోర్టులు కూడా నువ్వే రాస్తున్నావా ఇప్పుడు?"

"నేను రాయను సార్. మీరు ఒక్కసారి వచ్చి వినండి. రెండు నిమిషాలు."

"ఏంటి వినేది?"

"ఆ మనిషి ఊపిరి."

రామకోటేశ్వరరావు చిరాగ్గా చూశాడు. కానీ తెల్లకోటు తొడుక్కుంటూనే నడిచాడు. వార్డులో నవాబు అదే అంచున, అదే వంపులో ఉన్నాడు. రాత్రి కునుకు లేక కళ్ళు గుంటలు పడ్డాయి. రామకోటేశ్వరరావు నిలబడి విన్నాడు. తరువాత వంగి విన్నాడు. "ఎక్కడ?" అని అడిగాడు. నవాబు వేలు గుంటలో పెట్టాడు. రామకోటేశ్వరరావు ఆ వేలి వైపూ, పైకి లేచిన భుజాల వైపూ చూసి, వెనక్కి తిరిగి డాక్టరు శివపార్వతిగారి గదికి వెళ్ళాడు.

ఆమోసు వెనకే పరిగెత్తాడు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ వాడే అవకాశం రాలేదు. చేతిలో కర్ర పట్టుకుని పోట్లాటకు పోతే అవతలివాడు దారి ఇచ్చినట్టయింది. తూలిపడబోయినంత పని అయింది.

డాక్టరు శివపార్వతిగారు అప్పటికే కారిడార్లో ఉన్నారు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు, చెమటకు అంటుకుపోయిన నూలు చీర. ఆవిడ చుట్టూ పాతిక మంది. "నేను చూశాను కదండీ, స్వరపేటిక బాగానే కదులుతోంది. ఫిల్మూ బాగానే ఉందిగా."

"ఫిల్ము అయిదో ఎముక దాకానే వచ్చిందండీ. కింద భుజాలు కప్పేసినయ్. మళ్ళీ తియ్యాలండీ" అన్నాడు రామకోటేశ్వరరావు.

"అది మొన్ననే చెప్పొద్దూ?"

రామకోటేశ్వరరావు తల వంచుకున్నాడు. ఆవిడ చీటీ మీద సంతకం గీకారు. "రెండంటే రెండే ఫిల్ములు. పన్నెండింటికి నా రౌండ్సు అయిపోతాయి. అప్పటికి ఏమీ కనపడకపోతే పంపించేద్దాం. ఆ మంచం కోసం బయట నలుగురున్నారు."

నవాబును నడిపించుకుని వచ్చారు. కుల్సుం వెంట వచ్చి తలుపు దగ్గర ఆగింది. ఆమె పక్కన ఒక బొద్దుమీసాల మనిషి. నవాబును ఇంటికి తీసుకెళ్ళటానికి రిక్షా తెచ్చిన ముఠా మేస్త్రి వెంకటప్పయ్య.

"ఏరా నవాబూ, ఇంకా ఫోటోలు దిగుతున్నావా? పెళ్ళిచూపులకా?" అన్నాడు లోపలికి తొంగిచూసి.

"ఉన్న పెళ్ళాన్ని చూసుకుంటే చాలు మేస్త్రిగారూ" అంది కుల్సుం.

పక్క నుంచి మెడ తీసేటప్పుడు భుజాలు కిందికి దిగటానికి ఒక పద్ధతి ఉంది. రెండు చేతులకూ బరువు ఇవ్వటం. ఆమోసు రెండు బకెట్ల నిండా నీళ్ళు తెచ్చాడు. నవాబును గోడ పక్కన నిలబెట్టి, పలక భుజానికి ఆనించి, రెండు చేతుల్లో రెండు బకెట్లు పెట్టారు.

"వదిలెయ్, చేతులు వేలాడెయ్" అన్నాడు రామకోటేశ్వరరావు. మిషను గుర్రుమంది, టక్కుమంది.

ఆమోసు చీకట్లోకి పోయి ఫిల్ము కడిగాడు. బొమ్మ తేలుతుండగానే తెలిసిపోయింది. తెల్లగోడ దిగలేదు సరికదా, ఇంకో అంగుళం పైకెక్కింది. ఇప్పుడు నాలుగో ఎముక కూడా కనపడటం లేదు.

అతను దాన్ని బయటికి తెచ్చి చూపిస్తే రామకోటేశ్వరరావు బెంచీ మీద కూలబడ్డాడు. "బరువిస్తే కిందికి దిగాలిగా! పుస్తకంలో అట్టాగే ఉంటది."

తలుపు దగ్గర నుంచి వెంకటప్పయ్య నవ్వాడు. "పుస్తకం రాసినాయన ఎప్పుడన్నా బస్తా మోశాడా అండీ?"

"నువ్వుండవయ్యా" అన్నాడు ఆమోసు.

"ఉంటాలే కానీ, ఒక ముక్క చెప్పనీ. ముఠావోడి చేతికి బరువిచ్చి భుజం దించమంటే ఎట్టా దించుతాడయ్యా? బరువు తగిలిందంటే భుజం లేవాల. లేవకపోతే బస్తా నడుం మీద కూలుద్ది, మనిషి లేవడు. మొదటి రోజున నేను వాడికి నేర్పింది అదే. వాడికి ఇప్పుడు నిద్దట్లో చెంబిచ్చినా భుజం లేస్తది."

ఆమోసు బకెట్ల వంక చూశాడు. మరి రోజూ వచ్చే గుమాస్తాలకూ, పంతుళ్ళకూ పని చేసే పద్ధతి ఈ మనిషికి ఎదురు తిరిగిందన్నమాట. "దించేది ఎప్పుడైనా ఉంటదా మేస్త్రీ? ఎప్పుడూ ఇట్టాగే ఉండడుగా."

"ఎందుకుండదూ? బస్తాలు పేర్చే నెట్టు కాడ. బస్తా తెచ్చి నెట్టు ముందు నిలబడితే, పైన పేర్చేవాడు అరుస్తాడు, పడనీ! అని. అంతే. భుజాలు రెండూ జారిపోతయ్, బస్తా ఎనక్కి పోద్ది. ఒక్క లిప్త. మళ్ళీ ఇంకో బస్తాకి లేస్తయ్."

ఆమోసు నవాబు ఎదుట నిలబడి "పడనీ!" అన్నాడు. నవాబు ముఖాన నవ్వు లాంటిది వచ్చింది. భుజాలు కదల్లేదు.

"నువ్వు ప్రార్థన చేసినట్టు అంటే పడవయ్యా" అన్నాడు వెంకటప్పయ్య. "అయినా వీపు మీద ఏం లేకుండా ఏం పడుద్ది?"

పన్నెండుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఒక్క ఫిల్ము ఉంది. అప్పుడు రామకోటేశ్వరరావు లేచి, మీట నొక్కేటప్పుడు కిరణాలు తగలకుండా తను తొడుక్కునే సీసపు ఏప్రాను విప్పాడు. మడతలు పెట్టి ఆమోసు చేతిలో పెట్టాడు. "ఇది చాలుతుందా బస్తాకి?"

ఆమోసుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఈ మాట తనకెందుకు తోచలేదా అని ఒక క్షణం కుళ్ళుకున్నాడు కూడా. "చాలుద్ది సార్. మరి మీకో?"

"నేను తలుపు అవతల నించి నొక్కుతా. తీగ అందుతుంది."

మడత పెట్టిన ఏప్రానును నవాబు వీపు మీద, మెడ ఎముకలకు తగలకుండా కిందికి పెట్టారు. తగలటమే ఆలస్యం, తల కొంచెం వంగింది, భుజాలు లేచాయి, చేతులు వెనక్కి పోయి అంచులు పట్టుకున్నాయి. మెడ పూర్తిగా మాయమైంది. ఆమోసు గోడ పక్కకు జరిగాడు. వెంకటప్పయ్యను తలుపులో నిలబెట్టారు.

"ముందు ఉత్తినే ఒకసారి" అన్నాడు రామకోటేశ్వరరావు.

వెంకటప్పయ్య ఊపిరి పీల్చాడు. "పడనీ!" అని అరిచాడు. కారిడార్లో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. నవాబు చేతులు వదిలేశాయి, ఏప్రాను దబ్బున నేల మీద పడింది. పదిహేడేళ్ళ కండ రెండు పక్కలా జారిపోయి, ఇంత మెడ బయటికొచ్చింది. పొడుగాటి, సన్నటి మెడ. ఆ మనిషికి అలాంటి మెడ ఉందని కుల్సుంకు కూడా తెలిసి ఉండదు. ఒక లిప్త. ఊపిరి అందక మళ్ళీ భుజాలు లేచిపోయాయి.

"చూశాను" అన్నాడు రామకోటేశ్వరరావు. నుదుటి చెమట తుడుచుకుని వోల్టేజి ముల్లు వైపు చూశాడు. అది ఊగుతూ నిలబడింది. "మేస్త్రీ, నేను తలూపగానే."

మళ్ళీ ఏప్రాను. నవాబు నోరు తెరిచి గాలి తోడుకుంటున్నాడు. కుల్సుం పెదవులు కదులుతున్నాయి. రామకోటేశ్వరరావు మీట సగం నొక్కాడు. మిషను గుర్రుమంది. తలూపాడు.

"పడనీ!"

దబ్బున ఏప్రాను, టక్కున మిషను. రెండు చప్పుళ్ళూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆమోసు పలక తీసుకుని చీకట్లోకి పోయాడు. ఫిల్మును క్లిప్పులకు తగిలించి తొట్టిలో దించి, మంచుముక్కల్ని చేత్తో తడిమి చూశాడు. కరగలేదు. కరెంటు పోలేదు. ఆ మేస్త్రి రిక్షాలో కూర్చోకుండా లోపలికి తొంగిచూశాడు. ఆ రామకోటేశ్వరరావు తన ఒంటి మీది కవచం తీసి ఇచ్చాడు. ఇన్ని సరిగ్గా కుదిరిన రోజు ఆమోసుకు గుర్తులేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక "ప్రభువా, స్తోత్రం" అనుకున్నాడు. ఇంకా బొమ్మ రాలేదు.

వచ్చింది. దవడ. ఎముకలు. నాలుగు, అయిదు. ఆరు. ఏడు. తెల్లగోడ ఎక్కడో కిందికి దిగిపోయింది. వాటి ముందు నల్లటి పట్టీ దిగుతూ దిగుతూ, ఆరో ఎముక ఎదురుగా, బూరను వేళ్ళతో నొక్కినట్టు ఒక్కసారిగా సన్నబడిపోయింది. దారమంత. కింద మళ్ళీ విచ్చుకుంది. ఆ నొక్కు పక్కన కండ మధ్య సన్నటి నల్లగీతలు. గాలి గొట్టంలోంచి బయటికి కారి, ఉండకూడని చోట ఉంది.

ఫిల్మును ఫిక్సరులోకి మార్చి, తలుపు కొంచెం తెరిచి "సార్!" అని మాత్రం అనగలిగాడు.

డాక్టరు శివపార్వతిగారు ఫిల్ము ఆరేదాకా ఆగలేదు. ఆవిడే డార్క్ రూములోకి వచ్చారు. ఇరవై రెండేళ్ళలో ఏ డాక్టరూ ఆ గడప దాటలేదు. నీళ్ళు కారుతున్న ఫిల్మును ఆమోసు లైటుకు ఎదురుగా పట్టుకుంటే, ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇంత సందులోంచి పీలుస్తున్నాడా నాలుగు రోజులుగా!" అన్నారు చివరికి. "దీంతో బస్తా ఎత్తితే..." అని ఆగిపోయారు. "నేను వాణ్ణి భయమన్నాను." వెనక్కి తిరిగి తలుపులో ఉన్న నర్సుకు చెప్పారు. "థియేటరు సిద్ధం చెయ్యండి. ఇప్పుడే. వాణ్ణి పడుకోబెట్టొద్దు, కూచోబెట్టే తీసుకురండి." మళ్ళీ ఫిల్ము వైపు తిరిగి, "ఎట్టా తీశారండీ ఇది? ఆ భుజాలతో?" అన్నారు.

"ఆమోసు సోమవారమే చెప్పాడండీ" అన్నాడు రామకోటేశ్వరరావు. "నేనే వినలేదు."

ఆమోసు ఈ ముక్క కోసం రెండేళ్ళు కాచుకున్నాడు. ఇంతమంది ఎదుట ఇది పడితే ఏమనాలో కూడా రకరకాలుగా అనుకుని పెట్టుకున్నాడు. తీరా పడ్డాక, పక్కనున్న మనిషి ముఖం ఎర్రలైటులో చిన్నపిల్లాడి ముఖంలా కనిపించింది.

"ఏప్రాను ఆలోచన సార్‌దేనండీ. అరిచింది మేస్త్రి. నేను కడిగానంతే" అన్నాడు. "కొంచెం వెనక్కి జరగండమ్మగారూ, చీర మీద మందు చుక్కలు పడితే పోవు."

*

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మగారు మెడ తెరిచారు. ఊపిరిగొట్టం మీది రెండు వలయాలు చీలి లోపలికి కూలి ఉన్నాయట. నిలబెట్టి కుట్టారు. వాపు తగ్గేదాకా గాలి ఆడటానికి ఆ కింద చిన్న వెండి గొట్టం అమర్చారు. గురువారం ఆమోసు వార్డు వైపు పోలేదు. రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. వెళితే మెచ్చుకోలు కోసం వచ్చాడనుకుంటారని ఒకటి. వెళ్ళి చూస్తే ఏం చూడాల్సి వస్తుందోనని ఇంకొకటి.

శుక్రవారం పొద్దున కుల్సుం వచ్చి డార్క్ రూము తలుపు తట్టింది. "అన్నా, లోపల పనుందా?"

"ఉంది."

"అయ్యేదాకా ఉంటా."

లోపల పనేమీ లేదు. ఆమోసు కాసేపు చీకట్లో ఊరికే నిలబడి, తరువాత బయటికి వచ్చాడు.

"రాత్రి పడుకున్నాడన్నా" అంది ఆమె. ఇంకేదో చెప్పబోయి, ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వెల్లకిలా పడుకుని తెల్లారిందాకా గురక పెట్టాడు. గురక కూడా ఆ గొట్టంలోంచే. నేను నిద్దరపోలేదు, వింటా కూచున్నా."

"నిన్నటిదాకా ఆయనకి నిద్దర లేదు, ఇప్పుడు నీకు లేదా?"

"నాకెందుకన్నా నిద్దర?" అని ఏడుస్తూ నవ్వింది. "ఆ నర్సమ్మ పొద్దున తనే వచ్చి మొహం తుడిచింది ఆయనకి. ఏం అనలేదు. నేనూ ఏం అనలేదు. రా అన్నా, ఒక్కసారి. నిన్ను అడుగుతున్నాడు. నోటితో కాదు, ఇట్టా చేసి" అని ఫిల్మును పైకెత్తి చూస్తున్నట్టు చేతులు చూపింది.

ఆమోసు వెళ్ళాడు. వార్డులో ఎవరినో పిలవటానికి వచ్చినవాడిలా ఒక పక్కగా నడిచాడు. నవాబు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. భుజాలు పక్క మీద వాలి ఉన్నాయి. గొంతు గుంటలో తెల్లటి గుడ్డ, మధ్యలో వెండి గొట్టం మూతి. మాట రాదు. గొట్టం తీసేదాకా రాదు, తీశాక కూడా బొంగురు పోతుందో పోదో తెలియదు. బస్తాలు ఇక వద్దన్నారు డాక్టరమ్మగారు. గోడౌనులో లెక్కలు చూసుకుంటూ కూర్చునే పని ఏదో చూస్తానని వెంకటప్పయ్య మాట ఇచ్చి వెళ్ళాడట. నిలబెట్టుకుంటాడో లేదో. ఆ సంగతులన్నీ కుల్సుమే చెప్పింది.

నవాబు చెయ్యి చాపాడు. ఆమోసు ఏదో ఇవ్వమంటున్నాడనుకుని చుట్టూ చూశాడు. నవాబు తల అడ్డంగా ఊపి, ఆమోసు మణికట్టు పట్టుకున్నాడు. మందుకు గోధుమరంగు తిరిగిన ఆ వేళ్ళను విప్పి, అరచేతిని తన గొంతు ముందుకు తెచ్చి పెట్టుకున్నాడు. తగలకుండా, రెండు అంగుళాల దూరంలో.

వెచ్చగా తగిలింది. పోయింది. మళ్ళీ వెచ్చగా తగిలింది. చెమ్మగా, నిండుగా, ఈల లేకుండా.

"చాలయ్యా" అన్నాడు ఆమోసు. నవాబు వదల్లేదు.

కారిడార్ అవతల నుంచి రామకోటేశ్వరరావు పిలుపు వినిపించింది. "ఆమోసుగారూ, పలక పెట్టానండీ." అది విని కూడా ఆమోసు కదల్లేదు. నవాబు ఎప్పుడో పట్టు సడలించాడు. అరచెయ్యి మాత్రం అక్కడే ఉంది. కుల్సుం దణ్ణం పెట్టబోతుంటే రెండో చేత్తో వారించాడు.

"నాకు కాదమ్మా" అన్నాడు. తరువాత నవాబు వైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "మంచిదయ్యా, బతికావు. నా కోసమన్నా బతికావు" అన్నాడు.

గాలి అతని చేతిలోకి వచ్చి పోతూనే ఉంది.